చేనుకి డిపార్ట్‌మెంట్లు లేవు

సుస్థిరత అన్న మాటకి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సదస్సు పెడితే ఫ్లెక్సీ మీద ఆ మాట ఉండాలి. పరిశోధనకి నిధులడిగితే ప్రతిపాదన మొదటి పేరాలో ఉండాలి. ఈమధ్య దాని పక్కన ‘సిస్టమ్స్’ కూడా చేరింది. ఫార్మింగ్ సిస్టమ్స్, ఫుడ్ సిస్టమ్స్, సిస్టమ్స్ అప్రోచ్. వినడానికి బావుంది. కానీ ఈ మాటలు పలికే మనిషి ఉద్యోగంలోకి ఎలా వచ్చాడు, ఎలా పైకెక్కాడు, అతని పనిని ఎవరు ఏ కొలతతో కొలిచారు అని ఆరా తీస్తే, అక్కడ సిస్టమూ కనపడదు, సుస్థిరతా కనపడదు. నా వాదన ముందే చెప్పేస్తాను. మన వ్యవసాయ శాస్త్రంలో మొత్తాన్ని చూసే చూపు కరువైంది శాస్త్రవేత్తలకి తెలివి లేక కాదు. అలా చూసేవాడికి కెరీర్ లేకుండా చేసి పెట్టాం కనుక.

ఒక మిరప రైతు ముడుచుకుపోయిన ఆకులు సంచిలో వేసుకుని పరిశోధనా కేంద్రానికి వచ్చాడనుకుందాం. కీటక శాస్త్రవేత్త చూస్తే తామర పురుగు అంటాడు. తెగుళ్ల శాస్త్రవేత్త చూస్తే వైరస్ అంటాడు. మట్టి పరీక్షలు చేసే ఆయన సూక్ష్మపోషకాల లోపమేమో చూద్దాం, మట్టి తీసుకురా అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. కానీ రైతు వెనక ఉన్నవి మూడు జబ్బులు కావు, ఒక చేను. కిందటేడు అందులో ఏం వేశాడు? పక్క చేలో ఏముంది? విత్తనం ఎవరి దగ్గర అప్పుకి తెచ్చాడు? ఆ అప్పిచ్చినాయనే మందు కూడా అమ్ముతున్నాడా? బోరులో నీళ్లు ఎన్నాళ్లు వస్తాయి? భూమి సొంతమా, కౌలా? ఈ ప్రశ్నలు ఏ డిపార్ట్‌మెంటువి? దేనివీ కావు. కనుక ఎవరూ అడగరు. ఎవరూ అడగని ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు తెలిసిన మనిషి మాత్రం ఊళ్లో ఒకడున్నాడు: మందుల దుకాణదారు. రైతు పంట, అప్పు, నీళ్లు, కౌలు, ఇంట్లో పెళ్లి అన్నీ ఒకే పుస్తకంలో రాసుకునేది అతనే. మన పల్లెల్లో సిస్టమ్స్ థింకింగ్ నిజంగా చేస్తున్నది అతనొక్కడే. ఏ సిస్టమ్ కోసం చేస్తున్నాడన్నది వేరే సంగతి.

మరి శాస్త్రవేత్త ఎందుకు చెయ్యడు? అతను తయారైన దారి చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ డిగ్రీలో చేరడానికి రైతుబిడ్డలకి ప్రత్యేక కోటా ఉంది. మంచిదే. ఆ కోటాలో వచ్చిన పిల్లకి దూడ ఎప్పుడు అరుస్తుందో, ఏ గట్టు మీద గడ్డి ఎవరిదో, వాన ఆలస్యమైతే నాన్న ఏ పంటకి మళ్లుతాడో తెలుసు. అంటే ఒక వ్యవస్థని లోపలి నుంచి చూసిన మనిషే చదువుకి వచ్చింది. నాలుగేళ్ల బీఎస్సీలో ఆ తెలిసినదాన్ని పనికిరానిదిగా పక్కన పెట్టడం నేర్చుకుంటుంది. ఎమ్మెస్సీకి ఒక విభాగం. పీహెచ్‌డీకి ఆ విభాగంలో ఒక పంట, ఆ పంటలో ఒక పురుగు, ఆ పురుగు మీద నాలుగు మందుల పోలిక. తర్వాత నెట్ పరీక్ష, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం. ఆపైన ఏ మెట్టు ఎక్కాలన్నా పేపర్లు. పేపరు ఏ జర్నల్లో వచ్చింది, ఆ జర్నల్‌కి నాస్ రేటింగ్ ఎంత, పేర్ల వరసలో నీ పేరు ఎన్నోది. ఈ దారిలో ఎక్కడా ఎవరూ ఆమెని ఒక్క మాట అడగరు: అమ్మా, నువ్వు చెప్పినట్టు చేసిన రైతు మూడేళ్ల తర్వాత ఎలా ఉన్నాడు?

ఆఖరి ఏడాదిలో రావెప్ ఉంది కదా, విద్యార్థులు ఊళ్లో రైతుతో పాటు గడుపుతారు కదా అంటారు. ఉంది. ఆలోచన మంచిది. కానీ ఎలా నడుస్తోందో ఆ కోర్సు చేసినవాళ్లనే అడగండి. రామాలయం ముందో, పంచాయితీ ఆఫీసు ముందో నేల మీద రంగు ముగ్గులతో ఊరి పటం గీస్తారు. చుట్టూ నిలబడి ఫొటో దిగుతారు. రికార్డు రాస్తారు, మార్కులు పడతాయి. ఊరు ఒక పటమైంది, పటం ఒక రికార్డైంది, రికార్డు బీరువాలోకి వెళ్లింది. ఆ ఊరి నుంచి ఒక్క ప్రశ్న బయల్దేరి ఎవరి పరిశోధన అంశాన్నయినా మార్చిందా? మార్చకపోతే అది ఊరితో పరిచయమే, ఊరి నుంచి నేర్చుకోవడం కాదు.

అసలు సిస్టమ్స్ థింకింగ్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. మూడు సంగతులు. ఒకటి, ముక్కల కన్నా ముక్కల మధ్య సంబంధాలు ముఖ్యం. రెండు, మనం చేసిన పని తిరిగి మన మీదికే వస్తుంది. ఆలస్యంగా వస్తుంది కాబట్టి అది మన పనేనని గుర్తుపట్టం. మూడు, గట్టు ఎక్కడ వేసి లోపలిది లెక్కలోకి తీసుకోవాలి, బయటిది వదిలెయ్యాలి అని తేల్చేది ప్రకృతి కాదు, మనమే.

మొదటిదానికి అనంతపురం. 2000లో అక్కడ వేరుశనగ చేలు కాండం మాడి, మొక్కలకి మొక్కలే ఎండిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. తేలిందేమిటంటే అది పొగాకు స్ట్రీక్ వైరస్. ఆ వైరస్ ఉన్నది వేరుశనగలో కాదు, గట్ల మీదా, బీళ్లలోనూ, రోడ్డు పక్కనా విరగబూసిన వయ్యారిభామలో. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని వంటికి అంటించుకుని వేరుశనగ మీద వాలతాయి, ఆకుని గీరుతాయి, ఆ గాట్లలోంచి వైరస్ లోపలికి పోతుంది. వైరస్ ఒకరి సబ్జెక్టు, పురుగు ఇంకొకరిది, కలుపు మూడోవారిది. రోడ్డు పక్క బీడు ఎవరి సబ్జెక్టూ కాదు. ఇక్కడ శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు, చేను వదిలి గట్టు మీదికి వచ్చి చూశారు, అందుకే సంగతి తేలింది. ఇచ్చిన సలహాల్లో ముఖ్యమైంది ఏ డబ్బాలోనూ దొరికేది కాదు: పూతకి ముందే వయ్యారిభామ పీకెయ్యండి, చేను చుట్టూ జొన్నో సజ్జో ఒత్తుగా కొన్ని సాళ్లు వేసుకోండి, గాలికి కొట్టుకొచ్చే పురుగుకి అది అడ్డం. చేలో నాలుగు రకాల పంట కలిపి వేసుకునే పాత అలవాటు పోయి, చూపు ఆనినంత మేరా వేరుశనగే అయిపోయిన జిల్లాలో, జొన్న మళ్లీ గట్టు మీదికి రావాలని చెప్పడానికి ఇంత పెద్ద విపత్తు కావలసి వచ్చింది. ఇలాంటి పని మనవాళ్లు చెయ్యగలరు. విపత్తు వచ్చినప్పుడు చేస్తారు. మామూలు రోజుల్లో చేస్తే దానికి మార్కులుండవు.

రెండోదానికి సుడిదోమ. వరి చేను సుడులు సుడులుగా ఎండిపోవడం చూసిన రైతుకి ఈ పురుగుని పరిచయం చెయ్యక్కర్లేదు. హరితవిప్లవం కొత్త వంగడాలతో పాటు ఆసియా అంతా విరుచుకుపడింది. అందరూ చేసిన పని, ఇంకా ఎక్కువ మందు కొట్టడం. పీటర్ కెన్మోర్ అనే పరిశోధకుడు ఫిలిప్పీన్స్ పొలాల్లో చేసిన పనిలో తేలిందేమిటంటే, మందు కొట్టిన చోటే దోమ పెరుగుతోంది. దోమని తినే సాలీళ్లూ, ఇతర మిత్ర పురుగులూ ముందు చస్తున్నాయి. దోమ గుడ్లు మాత్రం వరి తొడిమల్లో భద్రంగా ఉండి మళ్లీ పొదుగుతున్నాయి. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని ఆపేసింది. మందుల మీద ఇస్తున్న భారీ సబ్సిడీని రెండు మూడేళ్లలో ఎత్తేసింది. ఆకలితో చస్తారన్నారు. చావలేదు, దిగుబడి పెరుగుతూనే పోయింది. 1989 నుంచి అక్కడ రైతు పొలం బడులు మొదలయ్యాయి. రైతులు పాతికమంది వారం వారం చేలో కూచుని, ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు అని లెక్కపెట్టి, మందు కావాలో వద్దో తామే తేల్చుకోవడం. ఆ బడి తర్వాత మన దగ్గరికీ వచ్చింది, పథకంగా వచ్చింది, పథకంగానే పోయింది.

అదే కాలంలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏం జరిగింది? 1980ల్లో పత్తి మీద సింథటిక్ పైరెత్రాయిడ్లు వచ్చాయి. కాయతొలుచు పురుగుకి బాగా పనిచేశాయి. పనిచేశాయి కాబట్టి విపరీతంగా కొట్టారు. అంతకుముందు లెక్కలో లేని తెల్లదోమ విజృంభించింది. 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యలు ఆ నేల మీద మొదలయ్యాయి. పదేళ్ల తర్వాత, 1997-98లో, వరంగల్‌లో. పురుగు మారింది, మందు మారింది, కథ మారలేదు. ఒక్కో మందు ఒక్కో పురుగు మీద పరీక్షలో నెగ్గిందే. పరీక్ష తప్పు కాదు. పరీక్ష చేలో ఒక ముక్కలో ఒక సీజన్ జరిగింది, జీవితం పది సీజన్లు జరిగింది. ఆ తొమ్మిది సీజన్ల బాధ్యత ఎవరి సర్వీసు రిజిస్టర్లోనూ లేదు.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన ఫిర్యాదు కాదు, వందేళ్ల నాటిది. 1905లో పూసా పరిశోధనా సంస్థకి వచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్ ఇదే గోడకి తల కొట్టుకున్నారు. ఒకరు మొక్క, ఒకరు పురుగు, ఒకరు తెగులు, ఒకరు మట్టి అని పంచుకుంటే పంట అనేదాన్ని చూసేవాడెవడని ఆయన ప్రశ్న. పొలంలోని పురుగుల్నీ, చుట్టుపక్కల రైతుల్నీ తన గురువులుగా చెప్పుకున్న మనిషి. తన పద్ధతిలో పనిచెయ్యడానికి చివరికి పూసా వదిలి 1924లో ఇందోర్లో వేరే సంస్థ కట్టుకోవలసి వచ్చింది. 1940లో వచ్చిన ‘ఎన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’లో ముక్కల పరిశోధన మీద ఘాటుగా రాశారు. మనం ఆయన దగ్గర ఏం తీసుకున్నాం? ఇందోర్ కంపోస్టు గుంట తీసుకున్నాం. పరిశోధనా సంస్థని ఎలా నడపాలన్న మాట వదిలేశాం. గుంట తవ్వడం సులువు, డిపార్ట్‌మెంటు గోడ తియ్యడం కష్టం.

ఆ గోడలు స్వాతంత్ర్యం తర్వాత ఇంకా గట్టిపడ్డాయి. 1960ల్లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికా లాండ్‌గ్రాంట్ నమూనాలో పుట్టాయి. 1964లో మొదలైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పడింది. ఆ నమూనాకి మూడు కాళ్లు: బోధన, పరిశోధన, విస్తరణ. అమెరికాలో మూడూ విశ్వవిద్యాలయం కిందే. మన దగ్గర మొదటి రెండూ విశ్వవిద్యాలయానికొచ్చాయి, ఊరూరా తిరిగే విస్తరణ పని చాలావరకు రాష్ట్ర వ్యవసాయ శాఖలోనే ఉండిపోయింది. దాంతో సిఫారసు పైనుంచి కిందికి వెళ్లే దారి ఉంది, దెబ్బతిన్న కబురు కింది నుంచి పైకొచ్చే దారి లేదు. సిస్టమ్స్ పుస్తకం మొదటి అధ్యాయంలోనే చెప్పే తప్పు ఇది. దీని మీద కట్టిన భవనంలో కూచుని సిస్టమ్స్ మీద సదస్సులు పెడుతున్నాం.

గోడలు తియ్యడం అసాధ్యమా అంటే, ప్రయత్నించిన చోటు ఉంది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమరగా హాక్స్‌బరీ వ్యవసాయ కళాశాల 1891 నాటిది. 1978లో డీన్‌గా వచ్చిన రిచర్డ్ బాడెన్, ఆయన సహచరులు కలిసి అక్కడి చదువుని తలకిందులు చేశారు. ముందు రసాయనం, వృక్షశాస్త్రం, చివర్లో పొలం అన్న వరస తీసేశారు. విద్యార్థి నిజంగా ఉన్న సమస్య దగ్గర మొదలుపెట్టాలి, రైతు కుటుంబాలతో కలిసి పనిచెయ్యాలి, దానికి ఏ శాస్త్రం కావాలో వెతుక్కుని తెచ్చుకోవాలి. మొదట్లో వాళ్లూ పొలమే ఒక సిస్టమ్ అనుకుని బొమ్మలు గీశారు. తర్వాత గ్రహించిందేమిటంటే, సిస్టమ్ అక్కడ నేలలో పడి లేదు, చూసేవాళ్లు కలిసి చూసే తీరులో ఉంది. ప్రొఫెసరుకి ఒక పొలం కనపడుతుంది, రైతు భార్యకి ఇంకొకటి, బ్యాంకు మేనేజరుకి మరొకటి. వీళ్లందరూ కూచుని మాట్లాడుకోవడమే పరిశోధన. 1989లో ఆ కళాశాల ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో భాగమైంది, ఆ తర్వాత ఆ ప్రయోగం క్రమంగా పలచబడిపోయింది. బాడెన్ తర్వాత అమెరికాలోని మిషిగన్ స్టేట్‌కి వెళ్లారు. ఆస్ట్రేలియాలోనే వ్యవసాయ శాస్త్రంలో మొదలైన రే ఐసన్ బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో సిస్టమ్స్ ఆచార్యులయ్యారు. వ్యవసాయ విభాగంలో కాదు, సిస్టమ్స్ విభాగంలో. ఇందులో పాఠం ఉంది. మొత్తాన్ని చూడ్డం నేర్చినవాళ్లకి ఎక్కడా చోటు లేదని కాదు. వ్యవసాయ శాఖ లోపల చోటు నిలవలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ముక్కలుగా చూసిన సైన్సే కదా మనకింత అన్నం పెట్టింది? మారుటేరు స్వర్ణ, బాపట్ల సాంబమసూరి ఎక్కడివి? ఒప్పుకుంటాను, పూర్తిగా. వైరస్‌ని గుర్తించడానికి వైరస్ శాస్త్రవేత్తే కావాలి, ఊరి చర్చ చాలదు. నా తగువు ముక్కతో కాదు. ముక్కని మళ్లీ చేలో పెట్టి చూడాల్సిన పని ఎవరిదీ కాకపోవడంతో. స్వర్ణని తయారుచేసినాయన గొప్పవాడే. ఆ వంగడం వేసిన కౌలు రైతుకి చివర్లో ఏం మిగిలిందో చూసిన మనిషిని కూడా అదే కుర్చీలో కూచోబెట్టమంటున్నాను.

ఇంకోవైపు నుంచి ఇంకొకరు చప్పట్లు కొడతారు. ‘అందుకే మేం ప్రకృతి వ్యవసాయం అంటున్నాం’ అని. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. యూరియా బస్తా స్థానంలో జీవామృతం డ్రమ్ము పెట్టి, ఎకరానికి ఇన్ని లీటర్లు, ఇన్ని రోజులకొకసారి, రాష్ట్రమంతా ఒకే వంటకం అంటే అది సిస్టమ్స్ థింకింగ్ కాదు, పాత ప్యాకేజీకి కొత్త సీసా. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. నేలకి, రైతుకి, పశువుకి, తేయాకు తోటకి సిద్ధపడే వ్యవధి ఇవ్వలేదు. పంట పడిపోయింది, అదే ఏడాది చివరికి వెనక్కి తగ్గింది. ఇండోనేషియా కూడా ఒక ఉత్తర్వుతోనే మందులు ఆపింది. తేడా ఏమిటంటే, ఆ ఉత్తర్వు వెనక చేలో సాలీళ్లని లెక్కపెట్టిన పని ఉంది, దాని తర్వాత రైతుల బడి ఉంది. సేంద్రియమా రసాయనమా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, కింది నుంచి కబురు వినే చెవి ఉందా లేదా అన్నది.

ఇక మూడో సంగతి, గట్టు ఎక్కడ వెయ్యాలన్నది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. సుస్థిరత సిఫారసుల్లో సగం నేలలో సేంద్రియ కర్బనం పెంచమంటాయి. పచ్చిరొట్ట వెయ్యండి, పశువుల ఎరువు తోలండి, నాలుగైదేళ్లు ఓపిక పట్టండి. శాస్త్రం ప్రకారం అక్షరాలా నిజం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి చేలు చేస్తున్నవాళ్లలో పెద్ద భాగం కౌలు రైతులు. ఏడాదికి నోటిమాట కౌలు. కాగితం రాయడానికి భూస్వామి ఒప్పుకోడు. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చినా ఈ నోటిమాట పోలేదు. వచ్చే ఏడాది చేను తనదో కాదో తెలియని మనిషి ఎవరి నేలకి నాలుగేళ్లు కర్బనం పొయ్యాలి? నేల బాగుపడితే జరిగేదేమిటి? కౌలు రెండు బస్తాలు పెరుగుతుంది. అంటే రైతు తన చేతులతో తన ఖర్చు పెంచుకుంటాడు. మృత్తికా శాస్త్రవేత్త గట్టు నేల దగ్గర వేసి ఆగిపోయాడు, కౌలు గట్టు అవతల పడిపోయింది. ఈ సిఫారసు సాగకపోతే ‘రైతుల్లో అవగాహన లోపం’ అని రిపోర్టు రాస్తారు. అవగాహన లోపం ఎవరిదండీ? నేల గుణాన్ని నిర్ణయించేవాటిలో కౌలు ఒప్పందం కూడా ఒకటని గ్రహించని చదువుది కాదూ?

కనుక ‘సిస్టమ్స్’ పేరుతో ఇంకో డిపార్ట్‌మెంటు తెరవకండి. దానికో హెడ్డు, నాలుగు పోస్టులు, ఒక జర్నల్ వస్తాయి. గోడల మధ్య ఇంకో గోడ లేస్తుంది. మార్చాల్సింది లెక్కింపు. పీహెచ్‌డీల్లో కొన్నిటికైనా రెండు విభాగాల గైడ్లు, ఒక ఊరు, కనీసం మూడు సీజన్లు అని నియమం పెట్టండి. పేపర్లకి ఇచ్చే మార్కుల్లో కొంత కోసి, కొన్ని పొలాల్ని ఐదేళ్లు వదలకుండా పట్టుకుని దిగుబడి, అప్పు, నీళ్లు, నేల నాలుగూ ఒకే పట్టికలో రాసినవాళ్లకి ఇవ్వండి. ఆ పట్టికని ఊరి సభలో చదివి ఒప్పించడం కూడా వైవా అనిపించండి. విఫలమైన సిఫారసుని అచ్చువేయడానికి విశ్వవిద్యాలయమే ఒక చోటు చూపించండి. ఇప్పుడు విఫలమైంది ఎక్కడా అచ్చవదు, కనుక పక్క జిల్లాలో ఇంకో రైతు దాన్నే మళ్లీ చేసి మళ్లీ మునుగుతాడు. విద్యార్థులు రావెప్‌లో విన్న ప్రశ్నల్లో కొన్నయినా వచ్చే ఏడాది ఎమ్మెస్సీ థీసిస్ అంశాలుగా తప్పనిసరిగా రావాలనండి. ఇవేవీ కోట్లు అడిగే పనులు కావు.

కష్టమెక్కడంటే, ఈ లెక్కింపు మార్చాల్సిన కమిటీల్లో కూచున్నది పాత లెక్కింపులో నెగ్గి పైకొచ్చినవాళ్లే. వాళ్లని చెడ్డవాళ్లని అనను. ఏ నిచ్చెన ఎక్కి వచ్చామో దాన్నే గట్టిదనుకోవడం మానవ సహజం. అందుకే నిచ్చెన గురించి అడగాల్సింది వాళ్లు కాదు, బయటున్న మనం. రైతు పిల్లలు, పన్ను కట్టేవాళ్లు, అన్నం తినేవాళ్లు. ఈసారి ప్రమోషన్ ఇంటర్వ్యూల్లో పేపర్లు ఎన్ని అని అడిగిన తర్వాత ఇంకొక్క ప్రశ్న చేర్చమని అడుగుదాం: గత ఐదేళ్లలో మీరు రైతులకిచ్చిన సిఫారసుల్లో దేన్నయినా వెనక్కి తీసుకున్నారా? ఎవరు చెబితే తీసుకున్నారు? జవాబులో ఒక ఊరి పేరు, అక్కడ జరిగిన నష్టం ఎంతో, దాని తర్వాత మార్చిన పని ఏదో వినపడితే, ఆ మనిషికి సుస్థిరత గురించి మాట్లాడే అర్హత ఉంది. వినపడకపోతే, సదస్సు ఫ్లెక్సీ మీద ఎంత పెద్ద అక్షరాలు వేయించినా లాభం లేదు.